బీచ్‌కి జనం వస్తున్నారు, ఊళ్లో అందర్నీ ఒక మాట మీదకి తేవడం ఎలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీది పూసపాటిరేగ మండలంలో సముద్రం ఒడ్డు పల్లె. రెండు మూడేళ్లుగా ఆదివారాలు, కార్తీక మాసంలో జనం బాగా వస్తున్నారు. భోగాపురం విమానాశ్రయం వల్ల ఇంకా పెరుగుతారని అందరూ అంటున్నారు. ఊరికి నాలుగు రూపాయలు రావాలి, ఒడ్డు పాడవకూడదు. వేటకెళ్లేవాళ్లు, పంచాయతీ, పర్యాటక శాఖ, రిసార్టు పెడతామని తిరుగుతున్నవాళ్లు తలో మాటా అంటున్నారు. "ముందు అందరితో ఒక కమిటీ వేయమంటారా?" అని అడిగారు.

కమిటీ ఇప్పుడే వేయకండి. ముందు మీ ఒడ్డున ఏ జాగా ఎవరు, ఏ వేళ, ఏ నెలలో వాడుకుంటున్నారో వేటకెళ్లేవాళ్లతో, చేపలు ఎండబెట్టే ఆడవాళ్లతో కలిసి నడిచి చూసి కాగితం మీద పెట్టండి. ఆ కాగితాన్ని గ్రామ సభలో చదివి తీర్మానం చేయించండి. తర్వాత డబ్బు ఎవరు వసూలు చేయాలి, దేనికి ఖర్చు పెట్టాలి అన్నది తేల్చుకోండి. ఈ రెండూ అయ్యాకే అధికారుల దగ్గరకీ, పెట్టుబడి పెట్టేవాళ్ల దగ్గరకీ వెళ్లండి. నా అనుభవంలో ఈ వరుస తప్పిన చోటల్లా పని ఆగిపోయింది.

నేను పంతొమ్మిదేళ్లుగా ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున శ్రీకాకుళం జిల్లా తీరంలో, ఇచ్ఛాపురం నుంచి రణస్థలం దాకా, మత్స్యకార గ్రామాల్లో పని చేస్తున్నాను. మాది 190 కిలోమీటర్లకు పైగా ఉన్న తీరం, మీ విజయనగరం జిల్లాది 30 కిలోమీటర్లకు లోపే. తీరం చిన్నదైతే ఒత్తిడి ఎక్కువ. వచ్చే జనమంతా అదే నాలుగైదు బీచ్‌ల మీద పడతారు. కాబట్టి మీరు మాకంటే ముందే జాగ్రత్త పడాలి.

మొదట్లో మేం చేసిన తప్పు చెబుతాను. సంతబొమ్మాళి వైపు ఒక పేటలో పెద్ద సమావేశం పెట్టాం. అధికారులు వచ్చారు, షామియానా వేశాం, 22 మందితో కమిటీ ప్రకటించాం. వాళ్లలో చేపల పని చేసే ఆడవాళ్లు ఇద్దరే, ఆ ఇద్దరూ ఆ రోజు నోరు విప్పలేదు. నెల తిరిగేసరికి దుకాణాలకు జాగా చదును చేశారు. అది పేట ఆడవాళ్లు నెత్తళ్లు, కవళ్లు ఎండబెట్టుకునే ఇసుక. వాళ్లు వచ్చి దుకాణాల రాటలు పీకేశారు. "మీ జనాలొస్తే మా సేపలు ఎక్కడ ఎండేసుకోవాల బాబూ?" అని ఒక పెద్దావిడ నన్ను అడిగింది. నా దగ్గర జవాబు లేదు. చూసేవాళ్లకి అది ఖాళీ ఇసుక. ఆమెకి అది ఏడాది పొడుగునా పని చేసే కళ్లం. ఆ కమిటీ మళ్లీ కూర్చోలేదు. ఆ పేటలో మళ్లీ నమ్మకం రావడానికి నాలుగేళ్లు పట్టింది.

అందుకే ఒడ్డు లెక్కతో మొదలుపెట్టమంటున్నాను. దీనికి ఖర్చేమీ లేదు. తెల్లవారుజామున నాలుగింటికి ఒడ్డుకెళ్లాలి, అంతే. పడవలు ఎక్కడ నీళ్లలోకి దిగుతాయో, తిరిగి ఎక్కడ ఎక్కుతాయో చూడండి. గాలి మారితే రేవు కూడా జరుగుతుంది. పెద్దవలని ఒడ్డు మీద నిలబడి లాగేటప్పుడు రెండు తాళ్ల మధ్య ఎంత ఒడ్డు కావాలో అడుగులతో కొలవండి. ఆ జాగాలో గొడుగులు, కుర్చీలు వేస్తే వల లాగడం కుదరదు. వలలు బాగుచేసుకునే నీడ, ఎండు చేపల జాగా, గంగమ్మ గుడి, శ్మశానం, సరుగుడు తోట, మొగలి పొదలు, ఏరు సముద్రంలో కలిసే చోటు, అన్నీ రాయండి. ఊళ్లో మరుగుదొడ్లు లేనివాళ్లు ఎటు వెళ్తున్నారో కూడా సిగ్గుపడకుండా రాయండి. పర్యాటకులు రావడం మొదలయ్యాక ఆడవాళ్లకి మొదట పోయేది ఆ మరుగే.

ఒక్కరోజు చూస్తే సరిపోదు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, ఇంజిను బోట్లకి వేట నిషేధం. అప్పుడు పడవలన్నీ ఒడ్డు మీదే ఉంటాయి, జాగా ఎక్కువ కావాలి. సరిగ్గా అప్పుడే పిల్లలకు వేసవి సెలవులు, బీచ్‌కి జనం ఎక్కువ. తగాదాలు ఎక్కువగా ఆ రెండు నెలల్లోనే చూశాను. అదే సమయంలో వేట లేక చేతిలో డబ్బు ఆడదు కాబట్టి, పర్యాటకం వల్ల ఊరికి నిజంగా ఆసరా దొరికేదీ అప్పుడే. ఆ రెండు నెలలకి విడిగా ఒక పటం గీసుకోండి.

ఇంకో ముఖ్యమైన సంగతి. మగవాళ్లు ఊళ్లో లేనప్పుడు నిర్ణయాలు చేయకండి. మా జిల్లాలో చాలా పేటల నుంచి మగవాళ్లు గుజరాత్‌లోని వెరావల్‌కి, చెన్నైకి, పారాదీప్‌కి బోట్ల మీద పనికెళ్తారు. 2018 నవంబరులో వెరావల్ నుంచి వేటకెళ్లిన మన ఉత్తరాంధ్ర మత్స్యకారులు పాకిస్తాన్‌కి చిక్కి, 2020 జనవరిలో తిరిగొచ్చిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. మీ వైపు నుంచీ వలస ఉంది. పడమటి తీరంలో నిషేధం జూన్ 1 నుంచి జూలై 31 వరకు కాబట్టి వెళ్లినవాళ్లు వేసవి చివర్లో ఇళ్లకు వస్తారు. పెద్ద మాట ఏదైనా అప్పుడు పెట్టుకోండి. వాళ్లు లేనప్పుడు చేసిన తీర్మానాన్ని వచ్చాక ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడం న్యాయమే కూడా.

ఆడవాళ్ల సంగతి విడిగా చెప్పాలి. గ్రామ పెద్దల సమావేశానికి పిలిచినా వాళ్లు మాట్లాడరు. పెద్దల ముందు మాట్లాడే అలవాటు లేదు. మేం ఇప్పుడు డ్వాక్రా సంఘం సమావేశం రోజున, వాళ్ల దగ్గరే కూర్చుంటాం. మగవాళ్లు ఉండరు. అక్కడ తేలిన మాటల్ని వాళ్లలోనే ఒకరు గ్రామ సభలో చదువుతారు. కవిటి వైపు ఒక ఊళ్లో అలా చేస్తే మాకు ఊహించని సలహా వచ్చింది. ఎండు చేపల జాగాని దాచనక్కర్లేదు, దాని పక్కనే అరుగు కట్టి తూకం వేసి అమ్ముకుంటామన్నారు. ఇసుక మీద కాకుండా వెదురు తడకల మీద ఎండబెడితే పట్నం వాళ్లు ఎక్కువ రేటుకి కొంటారని కూడా వాళ్లే చెప్పారు. ఇప్పుడు ఆదివారం వచ్చినవాళ్లలో చాలామంది నెత్తళ్ల పొట్లం పట్టుకునే వెళ్తున్నారు. మేం పెట్టాలనుకున్న శంఖాల బొమ్మల దుకాణం కంటే అది వంద రెట్లు మేలు.

ఒకే జాగా ఇద్దరికి కావాల్సి వస్తే ఏం చేయాలి? వంతులు వేసుకోవాలి. ఇది మనకి కొత్త కాదు. పులికాట్ సరస్సులో 'పాడు' పద్ధతి ఉంది. ఏ రోజు ఎవరు ఎక్కడ వల వేయాలో మత్స్యకారులే వంతులు వేసుకుంటారు. మన పేటల్లోనూ పెద్దవలకి వంతులు ఉన్నాయి. ముందు ఎవరు, తర్వాత ఎవరు అన్నది పెద్దలు చెబుతారు, దాటితే తప్పు కట్టాలి. పర్యాటకానికీ ఇదే పెట్టండి. మేం పని చేసిన రెండు చోట్ల ఉదయం తొమ్మిదింటి వరకు ఒడ్డు వేటవాళ్లది, తర్వాత సాయంత్రం దాకా ఒక హద్దు వరకు వచ్చినవాళ్లది అని రాసుకున్నారు. హద్దుకి రంగు వేసిన రెండు తాటి మొద్దులు పాతారు. దుకాణాలకీ అంతే, రోడ్డుకి దగ్గరి జాగా నెలకొకరికి మారుతుంది. బయటి నుంచి తెచ్చిన నిబంధనల కంటే ఊరికి అలవాటైన పద్ధతికే జనం కట్టుబడతారు. తప్పు వేసే అధికారం కూడా పెద్దల చేతిలో ఎప్పటినుంచో ఉంది. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. పెద్దల మాట తప్పనిసరిగా పంచాయతీ తీర్మానంగా రాయించండి. లేకపోతే రేపు అధికారి ముందు అది నిలబడదు.

ఇక డబ్బు. ఊళ్లో మాట పెళుసుబారేది ఇక్కడే. అంకెలు చూపిస్తే తప్ప అర్థం కాదు కాబట్టి మేం ఒక పేటలో వేసిన లెక్క చెబుతాను. మామూలు ఆదివారం 80 బైకులు, 25 కార్లు వచ్చేవి. బైకుకి 10, కారుకి 30 రూపాయలు. మొత్తం 1,550. ఆది, సోమవారాలు ఊడ్చడానికి ఇద్దరికి రోజుకి 400 చొప్పున 1,600. వసూలు చేసే ఇద్దరు కుర్రాళ్లకి 600. అంటే ప్రతి ఆదివారం 650 రూపాయలు చేతి నుంచి పడుతుంది. పార్కింగ్ వల్ల ఊరు బాగుపడిపోతుందనుకున్నవాళ్లు ఈ లెక్క చూసి నమ్మలేదు. 12 దుకాణాల నుంచి ఆదివారానికి 50 రూపాయల చొప్పున తీసుకుంటే ఆ లోటు దాదాపు పూడింది. మిగిలింది కార్తీకంలోనే. ఆ నాలుగు ఆదివారాలు వారానికి 8,500 దాకా వచ్చి, 3,000 ఖర్చు పోను మొత్తం 22,000 మిగిలింది.

ఇంత చిన్న మొత్తం కోసమా గొడవ అని మీకు అనిపించవచ్చు. కానీ ఆ లెక్క బోర్డు మీద రాయని ఊళ్లో జనం లక్షలు ఊహించుకుంటారు. ఆ ఊహ మీదే కొట్లాటలు జరుగుతాయి. వసూలు, ఖర్చు ప్రతి సోమవారం రచ్చబండ దగ్గర పెద్ద అక్షరాలతో రాయండి. ఖాతా ముగ్గురి పేరున పెట్టండి: పంచాయతీ నుంచి ఒకరు, మత్స్యకార సహకార సంఘం నుంచి ఒకరు, డ్వాక్రా గ్రామ సంఘం నుంచి ఒకరు. పార్కింగ్ వేలం పాట పెట్టి బయటివాళ్లకి ఇవ్వకండి. ఒక ఊళ్లో అలా ఇచ్చారు. పాడుకున్నతను పెట్టిన డబ్బు రాబట్టుకోవడానికి ఊరివాళ్ల బళ్లకీ రుసుము అడిగాడు, చెత్త మాత్రం ముట్టుకోలేదు. ఏడాది తిరక్కముందే రద్దు చేయాల్సి వచ్చింది.

ఊరికి అసలు ఆదాయం రుసుముల్లో లేదు, ఇళ్లలో ఉంది. వండిపెట్టడం, చేపలమ్మడం, గది ఇవ్వడం. తీరంలో కట్టడాల నిబంధనలున్నాయి కదా, గది ఎలా ఇస్తాం అని చాలామంది భయపడతారు. 2019 తీర నియంత్రణ ప్రాంత (సీఆర్‌జెడ్) నోటిఫికేషన్‌లో, ఇప్పటికే ఉన్న ఇంటి కొలతలు, రూపం మార్చకుండా మత్స్యకారులు, స్థానికులు హోమ్‌స్టే నడుపుకోవచ్చని ఉంది. ఇది మీకు దొరికిన పెద్ద అవకాశం. కొత్త కట్టడాల సంగతి వేరు. పల్లె ప్రాంతాల్లో మామూలుగా పోటు గీత (పోటు సమయంలో నీళ్లు చేరే హద్దు) నుంచి 200 మీటర్ల లోపల కట్టకూడదు. 2011 జనాభా లెక్కల్లో చదరపు కిలోమీటరుకి 2,161 మందికి పైగా ఉన్న పల్లెలకే, అదీ కొత్త తీర ప్రణాళిక ఆమోదం పొందాక, దాన్ని 50 మీటర్లు చేశారు. మీ ఊరు ఏ లెక్కలోకి వస్తుందో కలెక్టర్ కార్యాలయంలో తీర ప్రణాళిక పటం అడిగి చూసుకోండి. రిసార్టు వాళ్లు మీతో మాట్లాడటానికి వచ్చేలోపు ఆ పటం మీ చేతిలో ఉండాలి. "అనుమతులన్నీ మేం చూసుకుంటాం" అన్న మాట నేను చాలాసార్లు విన్నాను. ఆ గీత ఎక్కడుందో ఊరివాళ్లకి తెలిస్తే ఆ సంభాషణే మారిపోతుంది.

వాళ్లతో మాట్లాడేటప్పుడు ఉద్యోగాల కంటే ముందు మూడు సంగతులు అడగండి. ఒకటి, నీళ్లు ఎక్కడ నుంచి తోడతారు? ఒడ్డు దగ్గర బోరు లోతుగా వేసి ఎక్కువ తోడితే ఉప్పు నీరు లోపలికి చొచ్చుకొస్తుంది, మీ తాగునీటి బావులు పోతాయి. రెండు, మురుగు ఎటు వదులుతారు? మూడు, ఇప్పుడు రేవుకి వెళ్లే దారి ఎప్పటికీ తెరిచే ఉంటుందా? దారి గురించిన మాట తప్పకుండా రాతలో తీసుకోండి. కంచె పడ్డాక దారి తిరిగి తెరిపించడం ఎంత కష్టమో నేను చూశాను.

పెట్టుబడి పెట్టేవాళ్లందరూ చెడ్డవాళ్లని నేను అనడం లేదు. మంచివాళ్లకి కూడా ఊరి మాట ఒక్కటిగా ఉంటేనే సుఖం. పది మంది దగ్గర పది మాటలు వినాల్సి వస్తే ఎవరో ఒక పెద్దమనిషిని పట్టుకుని పని కానిచ్చేసుకోవాలని చూస్తారు.

మీ ఊళ్లో పెద్దవాళ్లు అనుమానపడుతుంటే చిరాకుపడకండి. మన తీరంలో "అభివృద్ధి" అన్న మాటకి ఒక చరిత్ర ఉంది. 2010 జూలైలో సోంపేట బీల భూముల దగ్గర, 2011 ఫిబ్రవరిలో కాకరాపల్లి దగ్గర థర్మల్ ప్లాంట్లు వద్దన్న జనం మీద కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. ఆ తడి నేలలు, ఆ చేపలు, ఆ పక్షులు తమకి ఎంత అవసరమో అక్కడి రైతులు, మత్స్యకారులు అందరికంటే ముందే చెప్పారు. కాకరాపల్లికి దగ్గర్లోనే ఉన్న తేలినీలాపురానికి ఇప్పుడు పెలికాన్‌లని, ఎర్రకాళ్ల కొంగల్ని చూడటానికి జనం వెళ్తున్నారు. అక్కడ పక్షులు ఊళ్లోని చింత చెట్ల మీద, ఇళ్ల మధ్యనే గూళ్లు కడతాయి. ఊరివాళ్లు వాటిని కాపాడుకోకపోతే చూడటానికి ఏమీ ఉండేది కాదు. కాబట్టి ఎవరైనా "ఇది మా భూములు లాక్కోవడానికేనా?" అని అడిగితే, ఆ ప్రశ్నని సమావేశంలో మొదటి అంశంగా పెట్టండి.

అధికారుల దగ్గరకి ఒక్కో శాఖకి ఒక్కో పని పట్టుకెళ్లండి. పర్యాటక శాఖకి దారి, మరుగుదొడ్లు, బట్టలు మార్చుకునే గదులు. మత్స్యశాఖకి రేవు, ఎండు చేపల అరుగు. అటవీ శాఖకి తాబేళ్లు, సరుగుడు తోట. మెరైన్ పోలీసులకి ప్రమాదాలు. రెవెన్యూకి హద్దులు. అందర్నీ ఒకేసారి కూర్చోబెడితే ఎవరి పనీ తేలదు. అధికారులు బదిలీ అవుతారు, కాబట్టి ప్రతి హామీకి తేదీ వేసి, పంచాయతీ కార్యదర్శి చేత రిజిస్టరులో రాయించండి. కొత్తగా వచ్చిన అధికారికి మొదటి వారంలోనే ఆ రిజిస్టరు చూపించండి. మంచి అధికారులు దీనికి సంతోషిస్తారు.

ప్రాణాల సంగతి వాయిదా వేయకండి. కార్తీక మాసంలో పిక్నిక్‌కి వచ్చిన కాలేజీ పిల్లలు మునిగిపోవడం మన రెండు జిల్లాల్లోనూ ఏటా వింటూనే ఉన్నాం. ఎక్కువ ప్రమాదాలు ఏరు సముద్రంలో కలిసే ఏటి మొగల దగ్గర. పైకి నీరు ప్రశాంతంగా కనిపిస్తుంది, కింద లోపలికి లాగేస్తుంది. ఇసుక మేట వేసే చోటు ప్రతి తుపానుకీ మారుతుంది కాబట్టి పోయినేడు మంచి చోటు ఈ ఏడు మంచిది కాకపోవచ్చు. దాన్ని చదవగలిగేది మీ పేటలో వేటకెళ్లేవాళ్లే. వాళ్లలో నలుగురికి ఈల, తాడు, ట్యూబులు ఇచ్చి, శిక్షణ ఇప్పించి, కూలి కట్టి నిలబెట్టండి. ఉచితంగా చేయమని అడగొద్దు. వేట మానుకుని నిలబడుతున్న మనిషికి ఆ రోజు కూలి రావాలి. పై లెక్కలో మిగిలిన 22,000 మేం దీనికే పెట్టాం. ఏటి మొగ దగ్గర ఎర్ర జెండా కట్టాక తర్వాతి రెండేళ్లలో ఒక్క ప్రాణం కూడా పోలేదు. అంతకుముందు ఏడాది మునిగిపోయిన ఇద్దరు పిల్లల శవాల్ని ఒడ్డుకి చేర్చింది మా పేటవాళ్లే. ఆ తల్లుల ఏడుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

వినోదం కోసం జనాన్ని పడవల్లో తిప్పాలనే ఆలోచన ఉంటే ఇప్పటికి ఆపండి. 2019లో గోదావరిలో కచ్చులూరు ప్రమాదం తర్వాత పర్యాటక బోట్ల మీద నిబంధనలు గట్టిపడ్డాయి. వేట పడవలో పర్యాటకుల్ని ఎక్కించుకుంటే, జరగరానిది జరిగితే, ఆ కుటుంబమే వీధిన పడుతుంది.

తాబేళ్ల గురించి మీరు అడగలేదు కానీ చెప్పాలి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మన ఒడ్డుకి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఒక్కో గూట్లో వంద దాకా గుడ్లుంటాయి, 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటకొస్తాయి. పిల్లలు వెలుతురు ఎటుంటే అటు నడుస్తాయి. మామూలుగా సముద్రం మీద వెలుతురు ఎక్కువ కాబట్టి అటే వెళ్తాయి. ఒడ్డున పెద్ద లైట్లు పెడితే ఊరివైపు వచ్చి, ఎండి చచ్చిపోతాయి. అందుకని ఆ నెలల్లో రాత్రి ఎనిమిది తర్వాత ఒడ్డు వైపు లైట్లు, డీజేలు, ఇసుక మీద బళ్లు ఉండకూడదని ఇప్పుడే తీర్మానంలో రాసుకోండి. దుకాణాలు పెట్టాక చెబితే ఎవరూ వినరు. అటవీ శాఖతో కలిసి తాబేలు పిల్లల్ని సముద్రంలోకి వదిలే రోజున బడిపిల్లల్ని తీసుకెళ్లండి. వజ్రపుకొత్తూరు వైపు ఒక ఊళ్లో గూళ్లకి కాపలా కాసే ఇద్దరూ ఒకప్పుడు గుడ్లు ఏరుకున్నవాళ్లే. గూడు ఎక్కడుందో వాళ్లకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

ఇసుక దిబ్బల్ని, సరుగుడు తోటని పార్కింగ్ కోసం చదును చేయనివ్వకండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఉద్దానం ఏమైపోయిందో మనం చూశాం. గాలి వేగానికి కొబ్బరి, జీడి తోటలే నిలవలేదు. అలాంటప్పుడు సముద్రానికీ ఊరికీ మధ్య ఉన్న ఆ కాస్త అడ్డం తీసేస్తే ఏమవుతుందో ఆలోచించండి. బళ్లు రోడ్డు పక్కనే ఆపించండి. అర కిలోమీటరు నడిస్తే ఎవరికీ ఏమీ కాదు, ఆ దారిలో కొబ్బరి బొండాలు అమ్ముకునేవాళ్లకి బేరం కూడా అవుతుంది.

ఈ పద్ధతి అన్ని చోట్లా పని చేస్తుందని అనను. ఊళ్లో రెండు వర్గాలు పంచాయతీ ఎన్నికల తర్వాత మాట్లాడుకోకుండా ఉంటే, ఇద్దరికీ నచ్చే చిన్న పని ఒకటి, అంటే మరుగుదొడ్లు కట్టించడమో, గంగమ్మ పండగకి ఒడ్డు శుభ్రం చేయడమో పెట్టుకుని అక్కడి నుంచి మొదలుపెట్టండి. రేవు పక్క ఊరితో ఉమ్మడిదైతే మొదటి రోజు నుంచే వాళ్లనీ కూర్చోబెట్టుకోండి. మేం ఒకచోట ఇది మరిచిపోయాం, హద్దు మొద్దులు పాతిన రాత్రే పక్క ఊరివాళ్లు పీకేశారు. వాళ్ల వల తాడు ఆ మొద్దు దాటి వస్తుందని మాకెవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

కమిటీ సంగతికి వస్తే, ఒడ్డు పటం, డబ్బు లెక్క అయ్యాక ఏడుగురో తొమ్మిదిమందో చాలు. అందులో సగం మంది ఒడ్డు మీద పని చేసేవాళ్లు, వాళ్లలో కనీసం ముగ్గురు ఆడవాళ్లు ఉండేలా చూడండి. అధికారుల్ని సభ్యులుగా పెట్టకండి, అవసరమైనప్పుడు పిలవండి.

మీరు రేపే చేయగలిగిన పని ఒకటుంది. మీ ఊళ్లో పెద్దవల ఉన్న ఇళ్లు ఎన్ని, ఎండు చేపలు చేసే ఆడవాళ్లు ఎంతమంది, వాళ్లకి ఎన్ని గజాల ఇసుక కావాలి? ఈ మూడు అంకెలు కనుక్కుని ఇక్కడే రాయండి. పటం ఎలా గీయాలో అప్పుడు మీ ఊరికి సరిపోయేలా చెబుతాను. వీలైతే ఏటి మొగ ఎంత దూరంలో ఉందో కూడా రాయండి.